స్టూడియో తాకట్టు పెట్టి బొమ్మ ఆడించిన వెంకయ్య

తెలుగు సినిమా పితామహుడు ఎవరంటే రఘుపతి వెంకయ్య నాయుడు అని ఠక్కున చెబుతారు. ఆయన పేరిట ప్రభుత్వ అవార్డు కూడా ఉంది. అయితే 'భీష్మ ప్రతిజ్ఞ' అనే ఒక్క మూకీతోనే ఆయన్ని గుర్తుపెట్టుకోవడం వల్ల అసలు కథ మరుగున పడింది. వెంకయ్య సినిమా తీసింది తర్వాత. అంతకు పదేళ్ల ముందే, ఉన్నదంతా ఒడ్డి జనానికి సినిమా చూపించారు.

1869లో మచిలీపట్నంలో పుట్టిన వెంకయ్య మద్రాసు చేరి, మౌంట్ రోడ్డులో ఫొటో స్టూడియో పెట్టారు. 1909-10 ప్రాంతంలో క్రోనోమెగాఫోన్ అనే కొత్త యంత్రం ఆయన్ని పట్టుకుంది. ధర 30 వేల రూపాయలు. ఆ రోజుల్లో అది మామూలు మొత్తం కాదు. అన్నం పెడుతున్న స్టూడియోనే తాకట్టు పెట్టి యంత్రం కొన్నారు.

ఫ్రాన్స్‌లోని గోమాన్ కంపెనీ పద్ధతి ఇది. తెర మీద బొమ్మ ఆడుతుంటే పక్కన గ్రామఫోన్ రికార్డు తిరుగుతుంది. హాలంతా వినిపించేలా గాలి ఒత్తిడితో శబ్దాన్ని పెంచుతారు. బొమ్మ, మాట కలిసి నడవాలంటే రెండు యంత్రాల వేగం ఒక్కటిగా ఉండాలి. ఎక్కడైనా ఫిల్ము తెగి, అతికించేటప్పుడు నాలుగు ఫ్రేములు పోతే ఇక పెదవులది ఒక దారి, పాటది ఇంకో దారి. రికార్డు నిడివి నాలుగైదు నిమిషాలకు మించదు కాబట్టి చిత్రాలూ అంతే పొట్టివి. ముందు పాట రికార్డు చేసి, తర్వాత దానికి పెదవులు కదుపుతూ నటించేవారు. ఇవాళ మన పాటల చిత్రీకరణ జరిగేదీ ఇలాగే.

మద్రాసు విక్టోరియా పబ్లిక్ హాలులో మొదలుపెట్టి, యంత్రాన్ని వెంటేసుకుని బెంగళూరు, సిలోన్, బర్మా దాకా తిరిగారు వెంకయ్య. ఊరూరా తిరిగే ఆటకు ఒక చోటు కావాలనుకున్నారు. మౌంట్ రోడ్డులో గెయిటీ థియేటర్ కట్టించారు. మద్రాసులో భారతీయుడి సొంత సినిమా హాలు అదే మొదటిది. తర్వాత మింట్ వీధిలో క్రౌన్, పురసవాక్కంలో గ్లోబ్ వచ్చాయి.

హాళ్లున్నాయి, ఆడించే బొమ్మలు మాత్రం పరాయివి. ఈ లోటు తీర్చడానికి కొడుకు సూర్యప్రకాష్‌ను సినిమా పని నేర్చుకు రమ్మని విదేశాలకు పంపారు. అతను ఇంగ్లండ్‌లో శిక్షణ పొంది వచ్చాక, తండ్రీకొడుకులు స్టార్ ఆఫ్ ది ఈస్ట్ సంస్థ పెట్టి గాజు స్టూడియో కట్టారు. ఎండే అప్పటి లైటు. గాజు కప్పులోంచి దిగే వెలుతురులో చేత్తో తిప్పే కెమెరాతో షూటింగ్. మబ్బు పడితే పని ఆగినట్టే. 1921లో వచ్చిన 'భీష్మ ప్రతిజ్ఞ'లో సూర్యప్రకాషే దర్శకుడు, భీష్ముడు కూడా. ఆ స్టూడియోలో పని నేర్చుకున్న సి. పుల్లయ్య తర్వాత పెద్ద దర్శకుడయ్యారు.

మూకీకి భాషేమిటని అడగవచ్చు. నిజమే, అందులో భాష ఉండేది తెర మీద వచ్చే అక్షరాల్లోనే. అయినా తెలుగువారి పెట్టుబడితో, తెలుగువారి చేతుల్లో తయారైన తొలి కథాచిత్రం అది. రాయపూర్ కేంద్రంగా ఇప్పుడు సాగుతున్న ఛత్తీస్‌గఢీ సినిమాకు తొలి చిత్రం 'కహి దేబే సందేశ్' 1965లో గానీ రాలేదు. హాళ్లు, స్టూడియో, పనివాళ్లు ఒకే చోట కుదరడం అంత తేలిక కాదు. వెంకయ్య ఆ మూడింటినీ సొంత అప్పుల మీదే కుదిర్చారు.

ఆ అప్పులే చివరికి ముంచాయి. థియేటర్లు ఒక్కొక్కటే చేజారాయి. 1931లో 'ఆలం ఆరా'తో దేశంలో టాకీలు మొదలయ్యేనాటికి, ఇరవయ్యేళ్ల ముందే మద్రాసుకు మాట్లాడే బొమ్మలు చూపించిన మనిషి చేతిలో ఏమీ మిగల్లేదు. 1941 మార్చి 15న మద్రాసులో కన్నుమూశారు. గెయిటీ భవనం ఇప్పుడు లేదు. 'భీష్మ ప్రతిజ్ఞ' ప్రింటు ఒక్కటీ దక్కలేదు.