సేవకు చట్టాన్ని తోడు తెచ్చిన దుర్గాబాయి

నల్లగండ్లలో ఉంటూ గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ఆఫీసులకు వెళ్లొచ్చే కుర్రకారుకు సీఎస్‌ఆర్ అన్న మాట కొత్తేమీ కాదు. సెలవురోజు బడి పిల్లలకు పుస్తకాలు పంచడం, బస్తీలో వైద్య శిబిరం పెట్టడం... ఇలా మొదలుపెట్టి దాన్నే కెరియర్‌గా ఎంచుకునేవాళ్లూ ఉన్నారు. 2013 కంపెనీల చట్టం ప్రకారం సీఎస్‌ఆర్ నిధులు ఖర్చుపెట్టదగిన పనుల్లో స్త్రీ పురుష సమానత్వం కూడా ఒకటి. మరి ఆ సమానత్వాన్ని పనిలో చూపించడం ఎలా? విద్యానగర్‌లోని ఆస్పత్రి పేరుగా మనలో చాలామందికి తెలిసిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితంలో దీనికి జవాబు దొరుకుతుంది.

ఎనిమిదేళ్లకే పెళ్లి

దుర్గాబాయి 1909 జులై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏటే పెళ్లి చేసేశారు. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దనుకున్నారు. తండ్రి, తమ్ముడు ఆమె పక్షానే నిలబడ్డారు. తర్వాత ఆ భర్త మరో పెళ్లి చేసుకుని చనిపోతే, దిక్కులేకుండా మిగిలిన అతని భార్యను ఆదుకుని పని నేర్పించింది కూడా దుర్గాబాయే. బాల్యవివాహం తన ఒక్కదాని కష్టం కాదని ఆమెకు అప్పటికే అర్థమైంది.

ఇంగ్లిష్ చదువు మీద నిరసనతో బడి మానేసి, చిన్న వయసులోనే రాజమండ్రిలో ఆడపిల్లలకు హిందీ పాఠశాల పెట్టారు. 1921లో గాంధీజీ కాకినాడ వచ్చినప్పుడు దేవదాసీలు, బురఖా వేసుకునే ముస్లిం మహిళలు ఆయన మాట నేరుగా వినాలని పట్టుబట్టారు. అందుకు నిర్వాహకులు అడిగిన 5,000 రూపాయలను ఆ మహిళలతో కలిసి పోగుచేశారు. అప్పటికామెకు పన్నెండేళ్లు. సమాజం పక్కకు నెట్టేసినవాళ్లనే ముందు వరుసలో కూర్చోబెట్టాలన్న ఆలోచన అక్కడే మొదలైంది.

రెండేళ్లకు కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో ఖాదీ ప్రదర్శన దగ్గర వాలంటీరుగా ఉన్నారు. టికెట్ లేదని నెహ్రూనే గుమ్మం దగ్గర ఆపేశారు. నిర్వాహకులు టికెట్ కొనిచ్చాకే లోపలికి వదిలారు. రూల్ అందరికీ ఒకటే, అంతే.

జైల్లో తెలిసొచ్చింది

1930లో మద్రాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొన్నారు. 1933లోగా మూడుసార్లు జైలుకెళ్లారు. వెల్లూరు జైల్లో ఆమె చూసిన సంగతి మనసును కలచివేసింది. చదువురాని ఆడవాళ్లు, చట్టం తెలియక, చెయ్యని నేరాలను కూడా ఒప్పేసుకుని శిక్షలు అనుభవిస్తున్నారు. వాళ్లకు అన్నం, బట్ట ఇస్తే సరిపోదు, వాళ్ల తరఫున వాదించే మనిషి కావాలి. లాయర్ కావాలన్న ఆలోచన అలా వచ్చింది.

కానీ చేతిలో మెట్రిక్ కూడా లేదు. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం పరీక్షకు ప్రైవేటుగా కట్టి పాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బీఏ ఆనర్స్‌కు దరఖాస్తు పెడితే, ఆడపిల్లలకు హాస్టల్ లేదన్న ఇబ్బంది ఎదురైంది. పేపర్లో ప్రకటన ఇచ్చి, తనలాగే చదవాలనుకునే అమ్మాయిలను కూడగట్టి, వసతి తామే ఏర్పాటు చేసుకున్నారు. సీటు ఇక కాదనలేకపోయారు. 1942లో మద్రాసులో లా పూర్తిచేసి ప్రాక్టీసు పెట్టారు.

ఆలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను ప్రారంభించారు. బడి మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచేయడం అక్కడ ముఖ్యమైన పని. ఆ సభే తర్వాత హైదరాబాద్‌లో ఆస్పత్రులు, కాలేజీలుగా విస్తరించింది.

ఊరి పని నుంచి దేశం పనికి

1946లో మద్రాసు నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. సభాధ్యక్షుల ప్యానెల్లో ఉన్న ఏకైక మహిళ ఆమే. రాజ్యసభ సభ్యత్వానికి కనీస వయసును 35 నుంచి 30 ఏళ్లకు తగ్గించిన సవరణ ఆమె ప్రతిపాదించిందే. కూతుళ్లకు ఆస్తిహక్కు ఇచ్చే హిందూ కోడ్ బిల్లునూ సమర్థించారు.

1952 ఎన్నికల్లో ఓడిపోయారు. అయినా ఆగలేదు. ప్రణాళికా సంఘం సభ్యురాలయ్యారు. 1953లో ఆర్థికమంత్రి సీడీ దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే ఏడాది ఏర్పాటైన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలు ఆమే. ఎక్కడికక్కడ చిన్నగా పనిచేస్తున్న స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ నిధులు అందే దారి ఏర్పడింది. చదువు ఆగిపోయిన వయోజన మహిళలకు తక్కువ కాలంలో చదువు పూర్తిచేయించే కోర్సులను 1958లో మండలి మొదలుపెట్టింది. మద్రాసులో మహిళా సభ చేసిన పనే ఇప్పుడు దేశమంతటి పథకమైంది.

అదే ఏడాది మహిళా విద్యపై జాతీయ కమిటీకి అధ్యక్షత వహించారు. ఆ నివేదిక ఫలితంగా మహిళా విద్యకు జాతీయ మండలి ఏర్పడింది. కుటుంబ వివాదాలకు వేరే కోర్టులుండాలని చైనా పర్యటన తర్వాత గట్టిగా చెప్పారు. 1975లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1981 మే 9న కన్నుమూశారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం ఆమె పోయిన మూడేళ్లకు, 1984లో వచ్చింది.

మీరేం నేర్చుకోవచ్చు?

ఆమె పనితీరులో ఒక వరుస కనిపిస్తుంది. ముందు అడ్డంకి ఏమిటో చూడటం, దాన్ని తొలగించడం, తర్వాత మళ్లీ ఎవరికీ అది అడ్డుపడకుండా రూలో, చట్టమో, పథకమో తేవడం.

మీ చుట్టుపక్కల కడుతున్న అపార్టుమెంట్ల దగ్గర ఓ కూలీ కుటుంబాన్నే తీసుకోండి. పదేళ్ల అమ్మాయికి నోటుబుక్కులు ఇచ్చారనుకుందాం. చంటి తమ్ముణ్ని చూసుకోవడానికి ఆ పిల్ల ఇంటి దగ్గరే ఉండిపోతే ఆ పుస్తకాలు దేనికి? అక్కడ కావాల్సింది పసిపిల్లలను చూసుకునే కేంద్రం. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య 2009 చట్టమిచ్చిన హక్కు. ఆ అమ్మాయిని బడిలో చేర్చమని బతిమాలక్కర్లేదు, అడగొచ్చు. ప్రాజెక్టు ఏదైనా మూడు విషయాలు చూసుకోండి. ఆ ఇంటి ఆడవాళ్లను అడిగారా? ఏ హక్కు వాళ్లకు అందడం లేదు? మీరు వెళ్లిపోయాక కూడా పని నిలుస్తుందా?

ఈ రంగంలోకి రావాలంటే సోషల్ వర్క్, లా, డెవలప్‌మెంట్ స్టడీస్, జెండర్ స్టడీస్... ఏ దారైనా పనికొస్తుంది. నల్లగండ్ల పక్కనే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఉంది. గచ్చిబౌలిలోని రోడా మిస్త్రీ కాలేజీలో సోషల్ వర్క్ చదువుకోవచ్చు. డిగ్రీతో పాటు చట్టాలు చదివే అలవాటు కూడా చేసుకోండి. దుర్గాబాయి ముప్ఫై దాటాక లాయరయ్యారు. కాబట్టి ఇప్పుడు మొదలుపెట్టినా ఆలస్యమేమీ కాలేదు.