వాదమునకు బలమెక్కడిది?

న్యాయస్థానమున గెలిచిన వాదము లోకమున నోడిపోవుట కలదు. తీర్పు వ్రాయుటకు ప్రమాణములు చాలును. బిడ్డ బ్రతుకును పణముగా నొడ్డవలసిన తండ్రికి ప్రమాణములు మాత్రమే చాలవు. ఈ భేదమును కందుకూరి వీరేశలింగము పంతులుగారి జీవితముకంటె స్పష్టముగా చూపునది మఱియొకటి మాకు కానరాదు.

పంతులుగారు 1848వ సంవత్సరమున రాజమహేంద్రవరమున జన్మించిరి. 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించిరి. 1879లో వితంతువివాహము శాస్త్రసమ్మతమని బహిరంగముగా నుపన్యసించిరి. ప్రతిపక్షులు శాస్త్రమును శిరసావహించువారు గనుక, పరాశరస్మృతి మొదలగు వారి ప్రమాణములనే వారి యెదుట నుంచిరి. ఎదుటివా డంగీకరించినదానినుండియే వాదమారంభింపవలెనని వారెఱుగుదురు.

అయినను వాదబలముచేత పెండ్లి జరుగలేదు. వితంతువివాహమును చట్టసమ్మతము చేసిన 15వ శాసనము 1856లోనే పుట్టియుండెను. శాసనమును స్మృతియు ననుకూలించినను గృహస్థులు వెనుదీయుటకు కారణమేమి? వారి భయము శాస్త్రవిషయమైనది కాదు. పెండ్లియైన మఱునాడు తమ యింటికి నీళ్లెవరు తెత్తురు, తమతో పంక్తిని కూర్చుండువా రెవరు, శుభాశుభములకు పురోహితుడు వచ్చునా యనునదియే వారి భయము. దీనికి ఏ స్మృతియు సమాధానము చెప్పదు.

1881 డిసెంబరు 11వ తేదీన పంతులుగారి పూనికచే రాజమహేంద్రవరమున తొలి వివాహము జరిగెను. కాకినాడ వర్తకులగు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు బాసటగా నిలిచిరి. వెంటనే బహిష్కారము ప్రాప్తించెను. వంటవారును నీళ్లవారును మానుకొనిరి. పక్షమున నిలిచినవారిలో కొందఱు ప్రాయశ్చిత్తము చేసికొని తొలగిరి. అప్పుడు పంతులుగారి ధర్మపత్ని రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరి కేగి నీరు మోసి తెచ్చి, వంట చేసి వడ్డించిరి. ఉపన్యాసములు తీర్పలేని సందేహమును ఆ నీళ్లబిందె తీర్చెను.

కష్టసహనము సత్యమునకు సాక్ష్యము కాదని తర్కజ్ఞు లాక్షేపింపవచ్చును. నిజమే, మూఢవిశ్వాసములకై ప్రాణములిచ్చినవారును కలరు. కాని యిచ్చట మిగిలిన వివాదాంశము శాస్త్రార్థము కాదు. ఈ కార్యము చేసి సంఘమున బ్రతుకవచ్చునా యనునది. దానికి బ్రతికి చూపుటకంటె వేఱు నిదర్శనము లేదు. అట్లని శాస్త్రవాదము వ్యర్థమని మేమనము. అది కార్యము తగినదని తేల్చెను. ఆ దంపతుల నడవడి కార్యము సాధ్యమని తేల్చెను. రెండును గూడిన పిమ్మటనే మఱికొన్ని వివాహములు జరిగెను.

పంతులుగారు 1906లో హితకారిణీ సమాజమును స్థాపించి తమ యాస్తిని దాని కర్పించిరి. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు గతించిరి; 1919 మే 27వ తేదీన పంతులుగారు చెన్నపురిలో తనువు చాలించిరి.

తమ హేతువులను జనులు చెవిని బెట్టరని విసుగుకొను సంస్కర్తలు నేటికిని కలరు. అట్టివారు హేతువులను పెంచుటకు ముందు, వినువాని భయమేదో విచారింపవలెను. ఆ భారమున తామెంత మోయుదురో తెలుపవలెను. అది తెలుపని వాదము నిర్దుష్టమైనను నిష్ఫలమని మా యభిప్రాయము.