పండిత రమాబాయి: విద్య తీర్చని ఆకలి

కరవును ఎరిగిన పావగడ సీమ పాఠకులకు పండిత రమాబాయి జీవితం పరాయిదిగా తోచదు. ఆమె 1858 ఏప్రిల్ 23న ఇదే కర్ణాటకలో, పడమటి కనుమల అడవిలోని గంగమూలలో జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే, స్త్రీలకు సంస్కృతం కూడదన్న కట్టడిని త్రోసిపుచ్చి భార్య లక్ష్మీబాయికి నేర్పారు. ఆ తల్లి కుమార్తెకు నేర్పింది. పురాణ ప్రవచనమే జీవనాధారంగా ఆ కుటుంబం క్షేత్రం నుండి క్షేత్రానికి కాలినడకన తిరిగేది.

ధాత కరవుకు రెండేండ్ల ముందే, 1874లో, మద్రాసు రాజధానిలో ఆకలి వారిని చుట్టుముట్టింది. ఉన్నదంతా పూజలకూ దానాలకూ వెచ్చించి, యాచనకు మనసొప్పక, తిరుపతి సమీపాన అడవిలో ఆకులు తిని దినాలు గడిపారు. తండ్రి ఆ పరిసరాలలోనే కన్నుమూశారు. కొద్ది వారాలకు రాయచూరులో తల్లి మరణశయ్యపై ఉండగా, రమాబాయి ఒక ఇంటి ముంగిట నిలిచి, నోరు పెగలక, కన్నీటితోనే ఒక సజ్జ రొట్టె సంపాదించారు. దానిని తినే శక్తి తల్లికి లేకపోయింది. మోయువారు చాలక పాడెను తానూ మోశారు. ఇంతటి నిష్ఠకు ఇదేనా ఫలమన్న ప్రశ్న ఆ పదహారేండ్ల బాలికను విడువలేదు.

పిదప కీర్తి వచ్చింది. 1878లో కలకత్తా పండితులు ఆమెకు పండిత, సరస్వతి బిరుదులిచ్చారు. అన్న 1880లో మరణించారు. అదే ఏట పెండ్లాడిన బిపిన్ బిహారీ మేధావి 1882లో మరణించారు. శిశువైన మనోరమతో 1883లో ఇంగ్లాండుకు వెళ్ళారు.

లండనులోని ఫుల్హాంలో ఆమె చూసిన దృశ్యం చిన్నదే. పతితలని సమాజం వెలివేసిన స్త్రీలను క్రైస్తవ సన్యాసినులు ప్రేమతో సేవిస్తున్నారు. కారణమడిగితే సమరయ స్త్రీతో క్రీస్తు సంభాషించిన కథ చదివి వినిపించారు. ఆ ఏడు సెప్టెంబరు 29న ఆమె బాప్తిస్మం పొందారు.

కథ ఇక్కడితో ముగియలేదు. అందుకే ఈమెను తలచుకోవడం. బాప్తిస్మం తరువాత ఎనిమిదేండ్లు గడిచినా మనశ్శాంతి లేదు. అమెరికాలో పేరు వచ్చింది, 1889లో బొంబాయిలో వితంతువులకై శారదా సదనం వెలసింది, అయినా లోపల వెలితి. అప్పుడు విలియం హాస్లం అనే ఆంగ్ల గురువు ఆత్మకథ చేతికందింది. ఆయన వేదికపై ప్రసంగిస్తూనే మారుమనస్సు పొందిన విచిత్రమైన మనిషి! అది చదివి రమాబాయి తనకు మతం దొరికింది గాని క్రీస్తు దొరకలేదని గ్రహించారు. మహాపండితురాలు అలా ఒప్పుకొనడం సామాన్యం కాదు. అర్హత సంపాదించి దేవుని చేరాలన్న బాల్యపు లెక్కనే ఆమె కొత్త మతంలోనూ వేసుకొంటూ వచ్చారు. 1891లో ఆ లెక్క విడిచి, తప్పిపోయిన కుమారునివలె వట్టి చేతులతో తండ్రి వద్దకు తిరిగి వెళ్ళారు. క్షమాపణ ఉచితమని తెలిసిన నాటి ఆనందం చివరివరకు ఆమెను వీడలేదు.

దానికి వెల లేకపోలేదు. 1893లో పూనాలో మతప్రచారమన్న ఆరోపణతో పలువురు బాలికలను బంధువులు సదనం నుండి తీసుకొనిపోయారు. మత ప్రసక్తి ఉండదన్న మాటపై చేయూతనిచ్చినవారి అభ్యంతరాన్ని పూర్తిగా త్రోసివేయలేం.

1896-97లో మధ్యభారతంలో కరవు పడినపుడు ఆమెకు తన తిరుపతి రోజులు గుర్తుకు వచ్చాయి. వెళ్ళి దాదాపు 300 మంది అనాథ బాలికలను, వితంతువులను తెచ్చి, పూనా దగ్గరి కేడ్‌గాంలో ముక్తి సదనంలో నిలిపారు. ఫుల్హాంను మరువక, వెలివేయబడ్డ స్త్రీలకై అక్కడ కృపాసదనం నెలకొల్పారు. 1905లో అక్కడి బాలికలు పాపాలు ఒప్పుకొని విలపించి, పిమ్మట ఆనందంతో పాడిన ఉజ్జీవం దేశమంతా వినబడింది.

మన కర్ణాటకలోని గుల్బర్గాలో బాలికల పాఠశాలను తెరవడంలో తల్లికి తోడు నిలిచిన మనోరమ 1921లో మరణించారు. దుఃఖంలోనూ రమాబాయి హెబ్రీ, గ్రీకు మూలాల నుండి మరాఠీలోనికి బైబిలు అనువాదం కొనసాగించి పూర్తిచేసి, 1922 ఏప్రిల్ 5న కన్నుమూశారు. ఆ గ్రంథానికి అక్షరాలు కూర్చి అచ్చువేసినది ఆమె చేరదీసిన స్త్రీలే.