డాక్టరు కానూరి లక్ష్మణరావుగారు

దర్శిసీమ మెట్టనేల. వానకై మింటివంకఁ జూచుట మన పెద్దలకు నిత్యకృత్యము. నాగార్జునసాగరపుఁ గుడికాలువనుండి దర్శిశాఖ వచ్చిన పిదపఁ గదా యిచ్చటి చేలు కృష్ణాజలముఁ జూచినవి! ఆ సాగరమును దలఁచుచు లక్ష్మణరావుగారిని మఱచుట కృతఘ్నత యని మా తలంపు.

వీరు 1902లోఁ గృష్ణామండలమందలి కంకిపాడున జనించిరి. బాల్యముననే తండ్రి గతించెను. బడిలో నాడుకొనుచు నొక కంటిచూపును గోల్పోయిరి. బడిపంతులమగు మాకు ఈ మాట వ్రాయుటయే కష్టము. మదరాసునఁ జదివి, 1939లో బర్మింగుహాము విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందిరి.

సాగరమునకు నెహ్రూగారు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన చేసిరి. ఆనకట్ట రూపకల్పనలో లక్ష్మణరావుగారు ముఖ్యులు. దానిని కాంక్రీటుతోఁ గాక రాతితోఁ గట్టిరి. రాయి చేరువనే కలదు. విదేశయంత్రములకు ధనము చాలదు. వేలకొలఁది కూలీలకుఁ గూడు దొరకును. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధిగారు కాలువలకు నీరు విడిచినపుడు వీరే కేంద్రమున నీటిపారుదల, విద్యుచ్ఛక్తి శాఖల మంత్రి. ఆనకట్టచెంత విద్యుదుత్పత్తి యటుపిమ్మట నేర్పడినది.

కాలువ కొసకు నీరందని యేడులును మన మెఱుఁగుదుము. నదియే తఱిగిన నెంతటి నిర్మాత యేమి సేయఁగలఁడు? ఆ చింత వీరికిని గలదు. మిగులునీటిని కొఱఁతనేలకుఁ ద్రిప్పుటకై 1972లో గంగాకావేరీ సంధానమును బ్రతిపాదించిరి. వ్యయభారమున నది కాగితముమీఁదనే నిలిచినది.

1986లో వీరు దివంగతులైరి. పులిచింతల జలాశయము వీరి పేరఁ బరఁగుచున్నది.