డాక్టర్ జెరోమ్ లెజెన్: నలభై ఏడవ క్రోమోజోము



మీ ఇంట్లో కూతురో కోడలో కడుపుతో ఉంటే, మూడో నెలలో డాక్టరుగారు స్కానింగ్‌తో పాటు డబుల్ మార్కర్ అనే రక్తపరీక్ష రాసివ్వడం మీరు చూసే ఉంటారు. ఆ కాగితం మీద ట్రైసొమీ 21 అనే మాట ఉంటుంది. ఆ మాట వెనుక ఉన్న మనిషిని ఈ వారం మీకు పరిచయం చేస్తాను.

జెరోమ్ లెజెన్ 1926 జూన్ 13న పారిస్ పక్కనే ఉన్న మోంరూజ్‌లో జన్మించారు. వైద్యం చదివి, ప్రొఫెసర్ రేమండ్ తుర్పాన్ వద్ద చేరారు. 1952లో డెన్మార్కు యువతి బిర్తేను వివాహమాడారు. వారికి ఐదుగురు సంతానం.

తుర్పాన్ గారి దగ్గరకు వచ్చే పిల్లల్లో చాలామందిని ఆ రోజుల్లో మంగోల్ పిల్లలు అనేవారు. లాంగ్‌డన్ డౌన్ అనే ఇంగ్లీషు డాక్టరు 1866లోనే ఈ స్థితిని వర్ణించినా, కారణం మాత్రం ఎవరికీ తెలియదు. తండ్రి తాగుబోతనో, తల్లికి సుఖవ్యాధి ఉందనో అనుమానించేవారు. అలాంటి బిడ్డను ఎత్తుకుని వీధిలోకి రావడానికి తల్లి సిగ్గుపడేది. మన ఊళ్లలో మాత్రం ఇలాంటి నిందలు లేవా? ఏ జన్మలో చేసుకున్న పాపమో అనే మాట మీరూ వినే ఉంటారు.

మనిషి కణంలో 46 క్రోమోజోములు ఉంటాయని 1956లో తేలింది. 1958లో పారిస్‌లోని త్రూసో ఆసుపత్రిలో ఈ పిల్లల కణాలను పరీక్షిస్తే 47 కనిపించాయి. 21వ జతలో రెండుకు బదులు మూడు ఉన్నాయి. 1959 జనవరిలో ఫ్రెంచి సైన్సు అకాడమీ పత్రికలో ఆ సంగతి వెలువడింది. తల్లిదండ్రుల నడవడికీ దీనికీ ఏ సంబంధమూ లేదని లోకానికి తెలిసింది.

ఇక్కడ ఒక విషయం దాచకూడదు. ఆ కణాలను పెంచే విద్యను అమెరికాలో నేర్చుకుని వచ్చి, ఆ చిన్న ప్రయోగశాలను నిలబెట్టినది డాక్టర్ మార్త్ గోతియే అనే మహిళ. వ్యాసంలో లెజెన్ పేరు మొదట వచ్చింది. ఆమె పేరు రెండవది, అదీ అక్షరం తప్పుగా. 2014లో ఫ్రాన్సు వైద్య పరిశోధనా సంస్థ నైతిక సంఘం ఆమె పాత్రను నిర్ణాయకమైనదిగా గుర్తించింది. ఆమె 2022లో కన్నుమూశారు. లెజెన్ గారిని గౌరవించే మనం ఆమెకు దక్కవలసింది ఆమెకు ఇవ్వాలి.

1962లో లెజెన్ అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ చేతుల మీదుగా బహుమతి అందుకున్నారు. 1964లో పారిస్ వైద్య కళాశాలలో జన్యుశాస్త్ర ఆచార్యులయ్యారు. నెకేర్ ఆసుపత్రిలో వేలాది పిల్లలను చూశారు. వారికి మందు కనుగొనాలన్నదే ఆయన పట్టుదల.

అయితే జరిగిందేమిటి? 1960వ దశకం చివరికల్లా, సూదితో ఉమ్మనీరు తీసి గర్భంలోని శిశువు క్రోమోజోములను లెక్కపెట్టడం సాధ్యమైంది. మందు ఇంకా దొరకలేదు గాని, పుట్టకముందే గుర్తించే దారి దొరికింది. గుర్తించిన తరువాత ఏం చేస్తారో ఆయనకు అర్థమైంది. 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జన్యుశాస్త్రంలో గొప్పదైన విలియం ఆలన్ పురస్కారం అందుకుంటూ, నిండు సభలో భ్రూణహత్యను ఖండించారు. సభ ముఖం చిట్లించింది. నోబెల్ ఆశ ఆ రోజుతో పోయిందని ఆయనే ఇంటికి రాశారట. తరువాతి సంవత్సరాల్లో పరిశోధన నిధులూ తగ్గాయి. 1975లో ఫ్రాన్సు గర్భస్రావ చట్టం తెచ్చింది. ఆయన మాత్రం తన మాట మార్చుకోలేదు, తన ఆసుపత్రిని విడిచిపెట్టలేదు.

పరీక్షే పాపమని అనుకోకండి. 1987లో శ్రీసభ ఇచ్చిన బోధన ప్రకారం, బిడ్డను కాపాడడానికీ నయం చేయడానికీ చేసే పరీక్ష తగినదే. చంపే ఉద్దేశంతో చేయించుకునేది తగనిది. ఈ పిల్లల్లో దాదాపు సగం మందికి గుండెలో లోపం ఉంటుంది. ముందే తెలిస్తే గుండె డాక్టర్లున్న పెద్ద ఆసుపత్రిలో కాన్పుకు ఏర్పాటు చేసుకోవచ్చు. ఇంకొక సంగతి: డబుల్ మార్కర్‌లో రిస్క్ ఎక్కువ అని వచ్చినవారిలో ఎక్కువమందికి మామూలు బిడ్డలే పుడతారు. అది అంచనా మాత్రమే. 2011 నుండి వస్తున్న తల్లి రక్తంలోని డి.ఎన్.ఎ. పరీక్ష మరింత నమ్మదగినదే గాని, అదీ తుది తీర్పు కాదు. ఉమ్మనీటి పరీక్ష ఖచ్చితంగా చెప్పగలదు. దానివల్ల కొద్దిపాటి గర్భస్రావ ప్రమాదం ఉంది. మన దేశంలో 1994 నాటి చట్టం క్రోమోజోముల పరీక్షను అనుమతిస్తుంది, ఆడో మగో చెప్పడాన్ని నిషేధిస్తుంది. తీవ్రమైన లోపముందని మెడికల్ బోర్డు చెబితే 24 వారాలు దాటినా గర్భం తీయవచ్చని 2021 సవరణ చెబుతోంది. కాబట్టి రిపోర్టు చేతికి వచ్చిన రోజు మీ అమ్మాయిని ఒంటరిగా కూర్చోనివ్వకండి. చుట్టాల తొందర ఆ గదిలోకి రానివ్వకండి.

పునీత రెండవ జాన్ పాల్ జగద్గురువులకు లెజెన్ ఆత్మీయ మిత్రులు. 1981 మే 13న దంపతులిద్దరూ ఆయనతో భోజనం చేశారు. ఆ సాయంత్రమే జగద్గురువులపై కాల్పులు జరిగాయి. 1994లో మానవ ప్రాణ సంరక్షణ కోసం స్థాపించిన పొంటిఫికల్ అకాడమీకి లెజెన్ గారినే తొలి అధ్యక్షునిగా నియమించారు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. ఏప్రిల్ 3న, ఈస్టరు ఆదివారం ఉదయం, ఆయన ప్రభువునందు నిద్రించారు. తన పిల్లలకు మందు కనుగొనకుండానే వెళ్తున్నానన్న బాధ చివరి రోజుల్లో ఆయనను వేధించింది.

1997లో ప్రపంచ యువజన దినోత్సవానికి ఫ్రాన్సు వచ్చిన జగద్గురువులు షాలో-సాన్-మార్స్ గ్రామంలోని ఆయన సమాధి వద్ద ప్రార్థించారు. 2021 జనవరిలో జగద్గురువులు ఫ్రాన్సిస్ ఆయనను పూజ్యులుగా ప్రకటించారు. ట్రైసొమీ 21కి మందు ఇంకా దొరకలేదు. పారిస్‌లో ఆయన పేరిట నడిచే వైద్యశాలలో ఆ పిల్లలను నేటికీ చూస్తున్నారు, వెతుకులాటా సాగుతోంది.