జాన్ బాయ్డ్ డన్‌లప్

జాన్ బాయ్డ్ డన్‌లప్ (ఫిబ్రవరి 5, 1840 – అక్టోబరు 23, 1921) స్కాట్లండులో జన్మించి ఐర్లండులో స్థిరపడిన పశువైద్యుడు. నిత్యవాడుకకు పనికివచ్చే గాలి టైరును రూపొందించిన వ్యక్తిగా ప్రసిద్ధుడు. గాలి టైరుకు మొట్టమొదట పేటెంటు పొందినవాడు ఈయన కాదు. ఆ ఘనత రాబర్ట్ విలియం థామ్సన్‌కు చెందుతుంది. అయితే థామ్సన్ టైరు మరుగున పడిపోగా, డన్‌లప్ టైరు సైకిళ్ళ ద్వారా ప్రపంచమంతటా వ్యాపించింది.

బాల్యం, వృత్తి

డన్‌లప్ స్కాట్లండులోని డ్రెగ్‌హార్న్ గ్రామంలో జన్మించాడు. నెలలు నిండకముందే పుట్టినందువలన తన ఆరోగ్యం సున్నితమైనదని జీవితాంతం భావించి, అందుకు తగిన జాగ్రత్తలతో మెలిగాడు. ఎడిన్‌బరోలో పశువైద్యం అభ్యసించి, 1867లో ఐర్లండుకు తరలివెళ్ళాడు. మొదట డౌన్‌పాట్రిక్‌లో సోదరునితో కలసి వైద్యశాల నడిపి, తరువాత బెల్‌ఫాస్ట్‌లో స్థిరపడ్డాడు. 1880వ దశకం నాటికి ఈయన వైద్యశాల ఐర్లండులోని పెద్ద పశువైద్యశాలలలో ఒకటిగా పేరుపొందింది. మార్గరెట్ స్టీవెన్‌సన్‌ను వివాహమాడాడు. వీరికి ఒక కుమారుడు, ఒక కుమార్తె.

గాలి టైరు

ఎగుడుదిగుడు వీధులలో కుమారుని మూడుచక్రాల సైకిలు పడే కుదుపులను తగ్గించడానికి డన్‌లప్ 1887 అక్టోబరులో ప్రయోగాలు ప్రారంభించాడు. పలుచని రబ్బరు రేకుతో గొట్టం చేసి, దానిని ఒక చెక్క చక్రం అంచు చుట్టూ అమర్చి, పైన గుడ్డ చుట్టి బిగించాడు. ఫుట్‌బాలుకు గాలి కొట్టే పంపుతో అందులో గాలి నింపాడు. ఈ చక్రాన్నీ, సైకిలు అసలు చక్రాన్నీ పెరటిలో దొర్లించి చూడగా అసలు చక్రం కొంతదూరంలోనే ఆగిపోయింది. గాలి నింపిన చక్రం పెరడు దాటి గేటు స్తంభానికి తగిలి వెనుకకు ఎగిరింది. 1888 ఫిబ్రవరిలో వెనుక చక్రాలకు గాలి టైర్లు బిగించిన సైకిలుపై కుమారుడు స్వారీ చేశాడు. అదే సంవత్సరం డిసెంబరు 7న డన్‌లప్‌కు పేటెంటు లభించింది.

1889 మే నెలలో బెల్‌ఫాస్ట్‌లో జరిగిన పందాలలో విల్లీ హ్యూమ్ అనే క్రీడాకారుడు ఈ టైర్లు గల సైకిలుపై వరుసగా గెలుపొందాడు. ఈ విజయాలు చూసిన హార్వే డూ క్రో అదే సంవత్సరం డబ్లిన్‌లో టైర్ల కంపెనీ ఏర్పాటుకు పూనుకున్నాడు. డన్‌లప్ తన పేటెంటు హక్కును ఈ కంపెనీకి బదిలీ చేశాడు.

పేటెంటు రద్దు

పేటెంటు పొందిన రెండు సంవత్సరాలకు అది చెల్లదని డన్‌లప్‌కు తెలియవచ్చింది. థామ్సన్ 1845లోనే బ్రిటన్‌లో, ఆ తరువాత ఫ్రాన్సు, అమెరికాలలో గాలి టైరుకు పేటెంటు తీసుకొని ఉన్నాడు. థామ్సన్ టైర్లు గుర్రపుబండ్లకు ఉద్దేశించినవి. అప్పటికి సైకిళ్ళు, మోటారు కార్లు వాడుకలోకి రాకపోవడం వలన వాటికి ఆదరణ లభించలేదు. డన్‌లప్‌కు ఈ పూర్వపు పేటెంటు సంగతి తెలియదు.

ప్రధాన పేటెంటు పోయినా కంపెనీ నిలదొక్కుకొంది. డన్‌లప్ తొలి టైరును చక్రానికి అంటించి బిగించేవారు. పంక్చరు వేయడం కష్టంగా ఉండేది. టైరును సులువుగా ఊడదీసే పద్ధతిపై చార్లెస్ వెల్చ్ 1890లో పొందిన పేటెంటును కంపెనీ కొనుగోలు చేసింది. 1896లో డూ క్రో ఈ వ్యాపారాన్ని 30 లక్షల పౌండ్లకు విక్రయించాడు. అప్పటికే కంపెనీ నుండి వైదొలగిన డన్‌లప్‌కు ఈ సంపదలో చెప్పుకోదగిన భాగం దక్కలేదు.

టైరులో నింపే వాయువు

డన్‌లప్ నింపినది మామూలు గాలే. అందులో దాదాపు 78 శాతం నత్రజని, 21 శాతం ఆక్సిజన్ ఉంటాయి. నత్రజనిని 1772లో గుర్తించిన డేనియల్ రూథర్‌ఫర్డ్ కూడా డన్‌లప్ చదివిన ఎడిన్‌బరో నగరానికి చెందినవాడే. రబ్బరు గుండా ఆక్సిజన్ కంటే నత్రజని నెమ్మదిగా బయటికి పోతుంది. అందువలన ఇటీవలి కాలంలో కొందరు కారు టైర్లలో గాలికి బదులు నత్రజని నింపిస్తున్నారు. అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక 31 రకాల టైర్లను సంవత్సరంపాటు పరిశీలించి 2007లో ఫలితాలు ప్రకటించింది. 30 పి.ఎస్.ఐ. వద్ద నింపిన టైర్లలో సగటున గాలి 3.5, నత్రజని 2.2 పి.ఎస్.ఐ. మేరకు తగ్గాయి. కనుక ఏ వాయువు నింపినా పీడనాన్ని తరచు సరిచూసుకోవలసిందే. విమానాల విషయం వేరు. అక్కడ బ్రేకుల వేడికి టైరు మండే లేదా పేలే ప్రమాదాన్ని నివారించడానికి నత్రజని అవసరం.

చివరి రోజులు, గుర్తింపు

డన్‌లప్ తరువాతి కాలంలో డబ్లిన్‌లోని ఒక వస్త్ర వ్యాపార సంస్థలో భాగస్వామిగా ఉన్నాడు. 1921 అక్టోబరులో జలుబు సోకి, 81వ ఏట ఆ నగరంలోనే మరణించాడు. డీన్స్ గ్రేంజ్ శ్మశానవాటికలో ఈయన సమాధి ఉంది. ఉత్తర ఐర్లండుకు చెందిన నార్తర్న్ బ్యాంకు తన 10 పౌండ్ల నోటుపై ఈయన చిత్రాన్ని ముద్రించింది. తెలుగునాట వాడుకలో ఉన్న డన్‌లప్ పరుపు అనే మాటకు మూలం కూడా ఈయన పేరే. అయితే ఆ రబ్బరు నురుగు పరుపు ఈయన మరణానంతరం ఈయన పేరుగల కంపెనీ రూపొందించినది.