జాజ్ బ్యాండు నుండి దేవుని మందిరమునకు: థామస్ డోర్సీ



మన సంఘములలో ఒక ప్రశ్న అప్పుడప్పుడు లేస్తూ ఉంటుంది. డోలకు, తాళములు, పల్లె బాణీలు ఆరాధనలో ఉండవచ్చునా? బయట పాటకచ్చేరీలలో వాయించిన చేతులు మందిరములో వాయించవచ్చునా? తన జీవితముతోనే దీనికి జవాబు చెప్పిన ఒక బాప్టిస్టు సహోదరుని గూర్చి తెలుసుకుందాము.

థామస్ డోర్సీ గారు 1899 జూలై 1న అమెరికాలోని జార్జియా రాష్ట్రములో, విల్లా రికా అను చిన్న ఊరిలో ఒక నల్లజాతి కుటుంబములో జన్మించారు. తండ్రి ఊరూరా తిరిగి వాక్యము చెప్పే బాప్టిస్టు బోధకుడు. తల్లి ఆర్గన్ వాయించేవారు. కుటుంబము అట్లాంటా చేరిన తరువాత బాలుడు చదువు మానివేసి, ఒక నాటకశాలలో పానీయములు అమ్ముతూ, అక్కడి పియానో కళాకారుల వ్రేళ్ళు చూచి చూచి విద్య నేర్చుకున్నాడు.

ఆ దినములలో దక్షిణ రాష్ట్రముల నుండి లక్షలాది నల్లవారు పని కొరకు ఉత్తరాది నగరములకు వలస పోతున్నారు. డోర్సీ గారు కూడా చికాగో చేరారు. 1921లో అక్కడ జరిగిన నేషనల్ బాప్టిస్ట్ కన్వెన్షన్‌లో ఒక గీతము విని హృదయము కదిలింది గాని, జీవనోపాధి మరల లోకపు పాటల వైపే లాగింది. 1924లో ప్రసిద్ధ గాయని మా రెయినీకి వైల్డ్ క్యాట్స్ జాజ్ బ్యాండు కూర్చి, నాయకుడయ్యారు. 1925లో నెట్టీ హార్పర్‌ను వివాహమాడారు. మరుసటి సంవత్సరము మనోవ్యాధి పట్టుకొని చాలాకాలము పని చేయలేకపోయారు. 1928లో టాంపా రెడ్ అను గిటారు కళాకారునితో కలిసి చేసిన ఒక కొంటె పాట రికార్డు విపరీతముగా అమ్ముడుపోయింది. అయినా దేవుని పాటలు వ్రాయుట మానలేదు.

ఆ పాటల ప్రతులు పట్టుకొని సంఘము వెంబడి సంఘమునకు తిరిగితే అనేకులు త్రిప్పి పంపారు. నగరములోని పెద్ద సంఘములు యూరోపు పద్ధతి గీతములకు అలవాటు పడ్డాయి. చప్పట్లు, ఊగుట మోటుతనమని కొందరు పెద్దలు తలంచారు. కాని వలస వచ్చిన కూలివారి, పనిమనుషుల చెవులు మాత్రము తమ ఊరి బాణీ కొరకే ఎదురుచూచాయి. 1930 కన్వెన్షన్‌లో ఆయన పాట పాడగానే జనము లేచారు. 1932లో పిల్‌గ్రిమ్ బాప్టిస్టు సంఘము ఆయనను గాయక బృంద నాయకునిగా పిలిచింది.

ఆ ఆగస్టులోనే ఆయన సెయింట్ లూయిస్‌లో ఉజ్జీవ కూటములలో ఉండగా టెలిగ్రాము వచ్చింది. ప్రసవములో భార్య మరణించింది. పుట్టిన మగబిడ్డ కూడా దక్కలేదు. ఇక దేవుని కొరకు వ్రాయనని, పాత పాటలకే పోవుదునని తలంచారు. కొద్ది దినములకు ఒక పియానో ముందు కూర్చుండగా ఆ దుఃఖములోనుండి “ప్రెషస్ లార్డ్” అను ప్రార్థన గీతము పుట్టింది.

తరువాత ఆయన ఒంటరిగా పేరు సంపాదించుకొనుటకు చూడలేదు. శాలీ మార్టిన్ మొదలైన వారితో కలిసి గాయక బృందముల జాతీయ కన్వెన్షన్ స్థాపించి, ఊరూరా సామాన్య విశ్వాసులకు పాట నేర్పారు. మహలియా జాక్సన్ ఆయన పాటలను లోకమంతటికీ వినిపించింది. మార్టిన్ లూథర్ కింగ్ గారికి ఎంతో ప్రియమైన ఆ ప్రార్థన గీతమునే 1968లో ఆయన భూస్థాపన దినమున ఆమె పాడింది. పిల్‌గ్రిమ్ సంఘములో నలుబది సంవత్సరములకు పైగా సేవ చేసి, డోర్సీ గారు 1993 జనవరి 23న ప్రభువునందు నిద్రించారు.

ప్రియులారా, ఆయన కొంటె మాటలను మందిరములోనికి తేలేదు. మాటలు మార్చారు, బాణీ నిలుపుకున్నారు. మన పెద్దలు కూడా పని వెదకుకొని పరాయి రాష్ట్రములకు వచ్చినప్పుడు పాటను మూటలో కట్టుకొనియే వచ్చారు. నేడు పెండ్లి బ్యాండులో వాయించే మన యౌవనస్థుడు ఆదివారము వెనుక బల్లపై కూర్చుంటే, అతనిని ముందుకు పిలుచుట పెద్దలమైన మన పని. త్రిప్పి పంపిన సంఘముల పేర్లు నేడు ఎవరికి గుర్తున్నాయి?